నాన్ అనాలా, నూన్ అనాలా: ఏ ఫారసీ ముందు నేర్చుకోవాలి?

రొట్టెను ఇరాన్ బడిపుస్తకం నాన్ అంటుంది. టెహ్రాన్‌లో రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్లు నూన్ అంటారు. ఇల్లు పుస్తకంలో ఖానె, నోట్లో ఖూనె. ‘వెళ్తాను’ పుస్తకంలో మీరవమ్, నోట్లో మీరమ్. ఆరు నెలలు పుస్తకం చదివి టెహ్రాన్‌లో దిగినవారికి మొదటి రోజు చుట్టూ వినిపించే మాటల్లో సగం అర్థం కాకపోవడానికి కారణం ఇదే. సీరియళ్లు చూసి మాటలు పట్టేసినవారికి దినపత్రిక కొరుకుడు పడకపోవడానికీ ఇదే కారణం.

పుస్తక భాషను ఇరానీయులు కెతాబీ అంటారు, నోటి భాషను మొహావెరెయీ అంటారు. ఏది ముందు అన్న ప్రశ్నకు మా సలహా మొదటే చెప్పేస్తాం. చదవడం, రాయడం కెతాబీతో మొదలుపెట్టండి. ఎనిమిదో వారం నుంచి చెవినీ నోటినీ మొహావెరెయీకి అలవాటు చేయండి. కెతాబీ నుంచి మొహావెరెయీకి దిగడానికి పదీ పన్నెండు సూత్రాలు చాలు. కిందినుంచి పైకి ఎక్కడానికి మాత్రం సూత్రం లేదు. మెహ్మూన్ (అతిథి) అని విన్నవారు అది రాతలో మెహ్మాన్ అని ఊహించగలరు. కానీ ఖూన్ (రక్తం), కానూన్ (చట్టం) రాతలోనూ అలాగే ఉంటాయి. వీధి భాష ఒక్కటే వచ్చినవారు వీటిని కూడా ‘దిద్ది’ ఖాన్, కానాన్ అని రాసేస్తారు. ఏ ఊ అసలుది, ఏ ఊ మారినది అన్నది వినికిడి చెప్పదు, రాతే చెప్పాలి.

అందరికీ ఈ వరస పనికిరాదు. ఎవరికి పనికిరాదో కింద చూద్దాం.

మన గ్రాంథికంతో పోల్చుకోవద్దు

తెలుగువారు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. రెండు రకాల భాష అనగానే చిన్నయసూరి గుర్తొస్తాడు, ఆయన వెంట గిడుగు రామమూర్తి గుర్తొస్తాడు. కెతాబీ అంటే చచ్చిన భాష, మొహావెరెయీ అంటే బతికిన భాష అని తీర్మానించేస్తారు. అది కాదు. కెతాబీ ఈ రోజు ఉదయం అచ్చయిన పత్రికలో ఉంది, టీవీ వార్తల్లో ఉంది, బడిలో ఉంది, కంపెనీ ఉత్తరంలో ఉంది. దాన్ని పాత భాష అని ఏ ఇరానీ అనుకోడు. దాని దూరం మన ‘వచ్చుచున్నాడు’, ‘వస్తున్నాడు’ల మధ్య ఉన్నంత కాదు. దినపత్రికలో ‘వెళ్తున్నాను’ అని చదివి ఇంట్లో ‘ఎల్తన్నా’ అనో ‘పోతున్న’ అనో అనుకోవడం ఉంది చూశారా, దానికి దగ్గర.

ఒక ముఖ్యమైన తేడా ఉంది. తెలుగులో వ్యావహారికం గెలిచి పత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఫారసీలో ఆ పని సగంలోనే ఆగింది. 1921లో మొహమ్మద్ అలీ జమాల్‌జాదె తన కథల పుస్తకం ముందుమాటలో, రచయితలు జనం మాట్లాడే మాటలు వాడాలని గట్టిగా వాదించాడు. దాని ఫలితంగా కథల్లో, నవలల్లో సంభాషణలు నోటి భాషలోకి వచ్చాయి. కథనం మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కెతాబీలోనే నడుస్తుంది. కాబట్టి ‘మాట్లాడినట్టే రాస్తే సరిపోతుంది’ అన్న తెలుగు అలవాటు ఇక్కడ పనిచేయదు. నోటి మాటను ఉన్నదున్నట్టు రాయడానికి వాళ్లు పెట్టుకున్న పేరే షెకస్తె నెవీసీ, అంటే ‘విరిగిన రాత’. ఆ పేరులోనే ఒక తీర్పు ఉంది. దానితో మనం ఏకీభవించక్కర్లేదు గానీ, రాసే ముందు అది గుర్తుండాలి.

దిగే మెట్లు

ఫారసీ మాటలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి కాబట్టి ముందు రెండు మాటలు. ఆ అని రాసినచోట ఇరానీయులు ‘హాల్’, ‘బాల్’ అన్నప్పటి గుండ్రటి ఆ పలుకుతారు. అ అని రాసినచోట ‘బ్యాంకు’లోని అచ్చుకు దగ్గరగా, పొట్టిగా పలుకుతారు. ఈ రెండిటినీ మన అ, ఆల్లా పలికితే అర్థం చేసుకుంటారు, కానీ యాస మాత్రం వదలదు.

మొదటి మెట్టు అచ్చు మార్పు. మాటలో ఆన్, ఆమ్ ఉన్నచోట ఊన్, ఊమ్ వస్తుంది: నాన్-నూన్, ఖానె-ఖూనె, జబాన్-జబూన్ (భాష), కొదామ్-కొదూమ్ (ఏది), బాదామ్-బాదూమ్. అంకెల్లో పాన్‌జ్‌దహ్ (15) పూన్‌జ్‌దహ్ అవుతుంది. ఇక్కడే తొందరపడకూడదు. సలామ్ ఎప్పుడూ సలూమ్ కాదు. ఎమామ్, కొర్‌ఆన్, జహాన్ (ప్రపంచం), ఒస్తాన్ (రాష్ట్రం) మారవు. ఇరాన్ కూడా మామూలుగా ఇరాన్ గానే ఉంటుంది. గౌరవం, మతం, పాలన, పుస్తకం అంటుకున్న మాటలు ఎక్కువగా మారవని పట్టుకుంటే చాలావరకు తప్పు జరగదు. ఒక్కోసారి రెండు రూపాలూ బతికి, వాటి మధ్య రుచి మారుతుంది. పేరు చివర జాన్ అంటే ప్రేమతో పాటు కాస్త గౌరవం, జూన్ అంటే పూర్తి చనువు. అత్తగారి పేరు పక్కన ఏది పెట్టాలో తేలేదాకా జాన్ దగ్గరే ఉండండి.

రెండోది క్రియలు. ఎక్కువ వాడే కొన్ని క్రియలు నోట్లో కుంచించుకుపోతాయి. ఈ ఎనిమిదీ వస్తే రోజువారీ మాటల్లో పెద్ద భాగం చేతికొచ్చినట్టే:

మీరవమ్ – మీరమ్ (వెళ్తాను)
మీఖాహమ్ – మీఖామ్ (నాకు కావాలి)
మీగూయమ్ – మీగమ్ (చెప్తాను)
మీతవానమ్ – మీతూనమ్ (చేయగలను)
మీదహమ్ – మీదమ్ (ఇస్తాను)
మీఆవరమ్ – మీయారమ్ (తెస్తాను)
మీగొజారమ్ – మీజారమ్ (పెడతాను)
మీషవద్ – మీషె (అవుతుంది)

భూతకాలం దాదాపు మారదు. రఫ్తమ్ (వెళ్లాను), గొఫ్తమ్ (చెప్పాను) రెండు చోట్లా అవే. అందుకే మాట్లాడటం జరిగిపోయిన సంగతులతో మొదలుపెట్టడం తేలిక: నిన్న ఎక్కడికి వెళ్లాను, ఏం కొన్నాను, ఎవరిని చూశాను. భూతకాలంలో ఒకే ఒక గుంట ఉంది. ‘వెళ్లి ఉన్నాను’ అనే అర్థంలో కెతాబీ రఫ్తెఅమ్ అంటుంది. నోట్లో అది కూడా రఫ్తమ్ అయిపోతుంది. తేడా అంతా ఊనికలోనే. మొదటి అక్షరాన్ని నొక్కితే వెళ్లాను, చివరి అక్షరాన్ని నొక్కితే వెళ్లి ఉన్నాను. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు కనక మన చెవి దీన్ని దాటేస్తుంది. జంట వాక్యాలు పెట్టుకుని రోజూ పది నిమిషాలు వినడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

మూడోది చివరలు. -అద్ పోయి -ఎ వస్తుంది, -ఈద్ పోయి -ఈన్ వస్తుంది, -అంద్ పోయి -అన్ వస్తుంది. అస్త్ (‘ఉంది’, ‘అయి ఉంది’) ఒట్టి -ఎ గా మిగులుతుంది. కర్మను చూపే రా, రొ గానో ఒ గానో మారుతుంది. ‘ఏ రొట్టె కావాలండీ?’ కెతాబీలో కొదామ్ నాన్ రా మీఖాహీద్. కొట్టులో కొదూమ్ నూనొ మీఖాయ్న్.

నాలుగోది వాక్యం నడక. కెతాబీలో క్రియ తెలుగులో లాగానే చివర ఉంటుంది, ఆ విషయంలో మనకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. నోట్లో మాత్రం వెళ్లే చోటు క్రియ తర్వాతికి జరుగుతుంది, దాని ముందున్న బె (‘కి’) రాలిపోతుంది. మీఖాహమ్ బె ఖానె బెరవమ్ కాస్తా మీఖామ్ బెరమ్ ఖూనె అవుతుంది. ‘వెళ్లాలి ఇంటికి’ అన్నట్టన్నమాట. ‘లో’ అనే దర్ బదులు తూ వస్తుంది. బెస్యార్ (చాలా) బదులు ఖేలీ, అమ్మా (కానీ) బదులు వలీ, అక్‌నూన్ (ఇప్పుడు) బదులు అల్ఆన్ వస్తాయి. మాటల జంటలు ముప్ఫై నలభై దాకా ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద పెట్టుకోండి, కానీ వల్లె వేయడం కన్నా వింటూ గుర్తుపట్టడం మేలు.

మర్యాద వేరు, పుస్తక భాష వేరు

నేర్చుకునేవారిలో ఎక్కువమంది పడే గొయ్యి ఇది. పుస్తక భాష మర్యాద భాష అనుకుని, పెద్దవాళ్లతో మీరవీద్, అస్త్ అంటూ మాట్లాడతారు. అవతలివారికి అది మర్యాదగా అనిపించదు. ఎదురుగా కూర్చుని వార్తలు చదువుతున్నట్టు అనిపిస్తుంది. ఫారసీలో మర్యాద నడిచేది సర్వనామంతో, క్రియ ఎంపికతో, తాఆరొఫ్ అనే మాటల మన్ననతో. ఇవన్నీ నోటి భాషలోనే జరుగుతాయి. తో అంటే నువ్వు, షొమా అంటే మీరు. ‘షొమా కొజా తష్రీఫ్ మీబరీన్?’ (తమరు ఎక్కడికి దయచేస్తున్నారు?) అన్న వాక్యం చివర అచ్చమైన వీధి రూపం ఉంది, అయినా అందులో మర్యాదకు లోటు లేదు. దీనికి తిరగేసిన ఉదాహరణ కవిత్వంలో ఉంటుంది. దేవుణ్ణీ ప్రియురాలినీ కవి తో అనే పిలుస్తాడు, భాష మాత్రం పూర్తి కెతాబీ. మనమూ దేవుణ్ణి నువ్వనే అంటాం కదా.

కొత్తవారితో వాడటానికి మధ్యమెట్టు ఒకటి ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఇది అంతగా కనబడదు, అందుకే ఇక్కడ విడిగా చెప్తున్నాం. మీరవీద్ పుస్తకం, మీరీన్ చనువు. మీరీద్ మధ్యలో ఉంటుంది: క్రియ నోటిది, చివర పుస్తకానిది. ఆఫీసులో, ఆస్పత్రిలో, ఇంటి యజమానితో, టాక్సీలో ముసలాయనతో ఈ రూపం ఎక్కడా తేడా కొట్టదు. మొదటి ఏడాది దీన్నే పట్టుకుని ఉండండి.

ఫారసీలో ఆడ, మగ భేదం లేదు. అతను, ఆమె రెండూ ఊ. నోట్లో మాత్రం ఊ స్థానంలో ఊన్ వస్తుంది, దాని అసలు అర్థం ‘అది’. పెద్దవాళ్లను ఊన్ అంటే కొంచెం మోటుగా వినబడుతుంది. వాళ్లకు ఈషూన్ (రాతలో ఈషాన్) వాడి, క్రియను బహువచనంలో పెట్టాలి. ‘ఆయన వచ్చారు’ అనడానికి అలవాటుపడ్డ మన నోటికి ఇది వెంటనే పడుతుంది.

తాఆరొఫ్ మాటలు నాలుగు. దుకాణంలో ధర అడిగితే గాబెల్ నదారె (‘మీ ముందు ఇదెంత, ఇవ్వక్కర్లేదు’) అంటారు. అది నిజంగా ఉచితం కాదు. మళ్లీ అడిగి డబ్బు ఇవ్వాలి. పని చేస్తున్నవారికి ఖస్తె నబాషీద్ (అలసిపోకుందురు గాక), ఏదైనా అందించినవారికి దస్తెతూన్ దర్ద్ నకొనె (మీ చెయ్యి నొప్పి పుట్టకుండు గాక), తినేవారికి నూషె జాన్. వీటిని సూత్రాలుగా విడగొట్టకుండా మంత్రాల్లా నేర్చుకోండి. డబ్బు సంగతి కూడా ఇక్కడే: ఎన్నో ఏళ్లుగా నోటు మీద, రసీదు మీద లెక్క రియాల్‌లో ఉంటే, నోటిమాట తొమాన్‌లో ఉంటోంది. 10 రియాల్‌లు ఒక తొమాన్. పైగా వెయ్యిని మింగేసి చెప్పడం కూడా ఉంది. ఏ లెక్కన చెప్తున్నారో అడిగి తెలుసుకున్నాకే చెల్లించండి.

రాతలో ఏం తప్పవుతుంది

విరిగిన రాత స్నేహితుల సందేశాల్లో బాగుంటుంది. అక్కడ కెతాబీలో రాస్తేనే కోపమొచ్చిందేమో అనుకుంటారు. అదే రాత విశ్వవిద్యాలయ దరఖాస్తులో, అధ్యాపకుడికి రాసే ఉత్తరంలో, వ్యాపార ఈమెయిల్‌లో ఉంటే మిమ్మల్ని తేలిగ్గా తీసుకుంటారు. అలాంటి ఉత్తరం బా సలామ్ వ ఎహ్‌తెరామ్ (నమస్కారంతో, గౌరవంతో) అని మొదలై చివరిదాకా నిండు రూపాల్లో ఉండాలి. మరీ ఎక్కి మీబాషద్, గర్దీద్ లాంటి గుమాస్తా మాటలు కుప్పలు పోయవద్దు. మంచి శైలి తెలిసిన ఇరానీయులు వాటిని ఇష్టపడరు. సాదా అస్త్, షొద్ చాలు.

రాతలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పుకు ఇరానీయులే ఒక పేరు పెట్టుకున్నారు: హెకస్రె. ‘కెతాబె’ అని చెవికి వినిపించే మాట మూడు రకాలు. కెతాబె మన్ అంటే నా పుస్తకం. అందులో ఎ అనేది రెండు మాటలను కలిపే ఎజాఫె, దాన్ని అక్షరంగా రాయరు, మహా అయితే కింద చిన్న గుర్తు పెడతారు. ఈన్ కెతాబె అంటే ఇది పుస్తకం. అక్కడ ఎ అంటే అస్త్, దాన్ని హె అనే అక్షరంతో రాస్తారు. చివరి అక్షరాన్ని నొక్కి కెతాబె అంటే ‘ఆ పుస్తకం, మనం అనుకున్నది’ అని. దానికీ హె రాస్తారు. నోటి భాషతో మొదలుపెట్టినవారు మూడింటికీ హె రాసేస్తారు. ఇరాన్‌లో పుట్టి పెరిగినవారు కూడా సందేశాల్లో ఈ తప్పు చేస్తారు, తోటివారు వెంటనే దిద్దుతారు. పరీక్ష ఇదీ: ఎ తీసేసి అక్కడ అస్త్ పెట్టి చూడండి. వాక్యం నిలబడితే హె రాయాలి. ‘కెతాబ్ అస్త్ మన్’ నిలబడదు, కాబట్టి హె వద్దు. మూడో రకం ఈ పరీక్షకు దొరకదు, కానీ అక్కడ ‘ఆ’ అనే అర్థం ఉందా అని అడిగితే తెలిసిపోతుంది.

కీబోర్డు మీద రెండు జాగ్రత్తలు. మీరవమ్ లాంటి క్రియల్లో మీ తర్వాత నీమ్ ఫాసెలె, అంటే అరజాగా పెట్టాలి: అక్షరాలు అతుక్కోకూడదు, పూర్తి ఖాళీ కూడా రాకూడదు. ఫారసీ ప్రామాణిక కీబోర్డులో షిఫ్ట్ నొక్కి స్పేస్ కొడితే అది వస్తుంది. రెండోది, అరబిక్ కీబోర్డు వాడకండి. అందులోని యె, కాఫ్ అక్షరాలు చూడటానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు వేరే అక్షరాలు. అలా టైపు చేసిన మాట వెతికితే దొరకకపోవచ్చు. కొంతమంది యువకులు లాటిన్ అక్షరాల్లో టైపు చేస్తారు, దాన్ని ఫింగిలీష్ అంటారు. చదవడం తెలిసి ఉండాలి గానీ, దానితో నేర్చుకోవడం మొదలుపెడితే లిపి ఎప్పటికీ రాదు.

ఈ రెండూ ఎవరివి?

డిసెంబరు చివర వచ్చే అతి పొడవైన రాత్రిని ఇరానీయులు యల్దా అంటారు. దానిమ్మ గింజలు, పుచ్చకాయ ముక్కలు మధ్యలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. కబుర్లన్నీ నూన్, ఖూనె, మీరమ్. ఇంతలో పెద్దాయన హాఫెజ్ కవితల పుస్తకం తీసి, కళ్లు మూసుకుని ఒక పేజీ తెరుస్తాడు. చదివేటప్పుడు ఒక్క అచ్చు కూడా విరగదు, విరిగితే ఛందస్సు కూలుతుంది. చదవడం అయ్యాక ‘అంటే ఏంటంటే’ అని ఫలం చెప్పేది మళ్లీ నోటి భాషలో. ఒకే గదిలో, ఒకే నోటి నుంచి, ఐదు నిమిషాల్లో రెండు భాషలూ నడుస్తాయి. కెతాబీ వాళ్లను ఫిర్దౌసీ 1010లో ముగించిన షానామె దాకా కలుపుతుంది. చదువుకున్న ఇరానీకి వెయ్యేళ్ల నాటి ఆ పద్యం ఇప్పటికీ చాలావరకు అందుతుంది. ఒకటి వదిలేసి ఇంకొకటి పట్టుకుంటే ఆ గదిలో సగం సేపు మీరు బయటే ఉంటారు.

మొహావెరెయీ అందరి ఇంటి భాష కూడా కాదు. పుస్తకాలు ‘వాడుక ఫారసీ’ అని నేర్పేది టెహ్రాన్ మాట. రేడియో, సినిమా, టీవీ దాన్ని దేశమంతా మోసుకెళ్లాయి. ఇస్ఫహాన్‌లో ‘బాగుంది’ అనే ఖూబె బదులు ఖూబెస్ వినబడుతుంది. షిరాజ్‌లో ‘ఆ పుస్తకం’ కెతాబూ అవుతుంది. తబ్రీజ్‌లో ఇంటి భాష అజర్‌బైజానీ తుర్కీ, సనందజ్‌లో కుర్దు. అక్కడి పిల్లలకు ఫారసీ పద్ధతిగా పరిచయమయ్యేది బడిలో, అదీ కెతాబీ రూపంలో. 1979 రాజ్యాంగం 15వ అధికరణ ఫారసీని అధికార భాషగా, ఉమ్మడి భాషగా నిలిపింది. ప్రాంతీయ భాషలను పత్రికల్లో వాడటానికి, వాటి సాహిత్యాన్ని బడిలో బోధించడానికి అనుమతించింది. తబ్రీజ్ మిత్రుడు కాస్త పుస్తకంలా మాట్లాడితే అది బడాయి కాదు, నేర్చుకున్న దారి అది. ఆయనతో కెతాబీయే సమానమైన నేల.

కొత్త మాటలు పుట్టించే ఫర్హంగెస్తాన్ అనే భాషా అకాడమీ 1935లో మొదలైంది. ఎస్సెమ్మెస్‌కు పెట్టిన పయామక్ జనం నోట్లో నిలిచింది. హెలికాప్టర్‌కు పెట్టిన బాల్‌గర్ద్ నిలవలేదు. కంప్యూటర్‌ను కాగితం మీద రాయానె అంటారు, ఇంట్లో కామ్‌ప్యూతెర్ అంటారు. ఇలాంటి మాట ఎదురైతే రాతకు మొదటిది, నోటికి రెండోది అని నిఘంటువులో పక్కపక్కనే రాసుకోండి.

కాబూల్, దుషాంబే దారులు

అఫ్గానిస్థాన్ ఫారసీకి 1964 రాజ్యాంగం నుంచి అధికారిక పేరు దరీ. చాలామంది అఫ్గాన్‌లు తమ భాషను ఇంట్లో ఫారసీ అనే అంటారు. మీ మిత్రుడు ఏ పేరు వాడితే మీరూ అదే వాడండి. మాటల ఎంపికే అక్కడ రాజకీయమవుతుంది. విశ్వవిద్యాలయాన్ని దానెష్‌గాహ్ అనాలా, పష్తూ మాట పోహన్‌తూన్ అనాలా అన్న దాని మీద తీవ్రమైన గొడవలే జరిగాయి. తజికిస్థాన్‌లో అదే భాషను తజిక్ అంటారు, సిరిలిక్ లిపిలో రాస్తారు. దుషాంబేలో పని ఉంటే తప్ప అక్కణ్ణుంచి మొదలుపెట్టకండి.

కాబూల్ దారి గురించి మాత్రం తెలుగువారు ఆగి ఆలోచించాలి. మన రోజు, జోరు, దోస్తు ఫారసీ మాటలే. వాటిలోని ఓ కాబూల్‌లో ఇప్పటికీ ఉంది. ఇరాన్‌లో అవి రూజ్, జూర్, దూస్త్ అయ్యాయి. హమేషా కాబూల్‌లో హమేష, టెహ్రాన్‌లో హమీషె. కాబూల్‌లో షేర్ అంటే సింహం, షీర్ అంటే పాలు. టెహ్రాన్‌లో రెండూ షీర్. మన దవాఖానా, తాజా చివర్లు కూడా కాబూల్ ఖాన, తాజకు దగ్గర, టెహ్రాన్ ఖానె, తాజెకు దూరం. హైదరాబాదులో అఫ్గాన్ విద్యార్థులతో మాట్లాడటమే మీ అవసరమైతే, ఉర్దూ వింటూ పెరిగిన చెవితో దరీ త్వరగా వస్తుంది. కానీ రెండు ఉచ్చారణలూ కలపకండి. ఒక ఏడాది ఒకదాన్నే పట్టుకుని, రెండోదాన్ని వినడానికి మాత్రం వదలండి.

తెలిసిన మాట మోసం చేయడం కూడా ఉంది. ఇరాన్‌లో బందొబస్త్ అంటే పోలీసు కాపలా కాదు, చాటుమాటు కుమ్మక్కు. తమాషా అంటే చూడటం, సినిమా కూడా ‘తమాషా చేస్తారు’. ఫర్యాద్ అంటే కేక, మన ఫిర్యాదుకు అక్కడి మాట షెకాయత్. గరీబ్ అంటే బీదవాడు కాదు, పరాయివాడు. సర్కార్ అంటే ప్రభుత్వం కాదు, ఉత్తరంలో స్త్రీని గౌరవంగా పిలిచే సర్కారె ఖానొమ్ అందులోదే.

ఎవరికి ఏది

పాత దస్తావేజులు చదవాలనుకునేవారికి మొహావెరెయీ అక్కర్లేదు. హైదరాబాదు రాజ్యంలో 1884 దాకా ఫారసీ పాలనాభాష. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాలయంలో మొఘలుల, అసఫ్ జాహీల కాలపు ఫారసీ కాగితాలు పెద్ద ఎత్తున ఉన్నాయి. కెతాబీ వ్యాకరణం ఆరు నెలలు, ఆపైన షికస్తా అనే గొలుసుకట్టు రాత, లెక్కలకు వాడిన సియాఖ్ గుర్తులు నేర్చుకోండి. షికస్తా అన్నా ‘విరిగిన’ అనే అర్థం. నోటి భాష రాతకూ ఈ లిపికీ పేరు ఒకటే కావడంతో కొత్తవారు తికమకపడతారు, రెంటికీ సంబంధం లేదు.

ఇరానీ కుటుంబంలోకి కోడలిగా, అల్లుడిగా వెళ్తున్నవారు వరస తిప్పండి. మూడు నెలలు మొహావెరెయీ, తాఆరొఫ్ మాత్రమే. లిపి ఆ తర్వాత. అత్తమామలతో మొదటి భోజనం వ్యాకరణం కోసం ఆగదు. రెండు వారాల ప్రయాణానికి వెళ్లేవారికి కూడా ఇదే దారి, కాకపోతే అంకెలు, బోర్డులు చదివేంత లిపి చేర్చుకోవాలి.

కవిత్వం కోసం వచ్చేవారు, విశ్వవిద్యాలయ చదువుకు వెళ్లేవారు, అనువాదకులు మేం మొదట చెప్పిన వరసలోనే రండి. రోజుకు గంట కేటాయిస్తే లిపికి మూడు వారాలు (ఉర్దూ చదవడం వస్తే మూడు నాలుగు రోజులు), ఏడో వారం చివరకు వర్తమానం, భూతం, ఎజాఫె. ఎనిమిదో వారం నుంచి అందులో ఇరవై నిమిషాలు విని రాయడానికి: ఏదైనా ఇరాన్ సీరియల్‌లో రెండు నిమిషాల ముక్క తీసుకుని, విన్నది విన్నట్టు రాసి, కింద అదే కెతాబీలో రాయండి. నాలుగో నెలకు సంభాషణలు ఎక్కువగా ఉన్న కథలు పట్టుకుంటే ఒకే పేజీలో రెండు భాషలకూ సాధన అవుతుంది.

ఉపాధ్యాయుణ్ణి ఎంచుకునేటప్పుడు డిగ్రీ కన్నా ముందు ఒక వాక్యంతో పరీక్షించండి. ‘వాళ్లు ఎక్కడున్నారో నాకు తెలియదు’ అన్నది మూడు విధాలా చెప్పమనండి. నెమీదానమ్ ఆన్‌హా కొజా హస్తంద్, నెమీదూనమ్ ఊనా కొజాన్, పెద్దవాళ్ల గురించైతే నెమీదూనమ్ ఈషూన్ కొజా తష్రీఫ్ దారన్ అని చెప్పి, ఏది ఎక్కడ వాడాలో విడమరిస్తే చేరిపోండి. రెండోది తప్పని కొట్టిపారేస్తే పుస్తకం వరకే ఆయన దగ్గర నేర్చుకుని, మాటకు ఇంకొకరిని చూసుకోండి.